ఆరోగ్య బీమా కంపెనీ మార్చాలా, ఉన్నదే ఉంచుకోవాలా? ఒడిశా సరిహద్దులో ఉన్న మన కుటుంబాల కోసం

రెన్యువల్ మెసేజ్ వస్తుంది. చూస్తే ప్రీమియం నిరుటి కంటే నాలుగైదు వేలు ఎక్కువ. సరిగ్గా ఆ వారంలోనే తెలిసిన ఏజెంటు ఫోన్ చేసి, "ఇంతకంటే తక్కువకే పది లక్షల కవర్ ఇప్పిస్తాను, మార్చేయండి" అంటాడు. బరంపురంలో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా, రాయగడ, జయపురాల్లో ఉన్నా ఈ ఫోన్ తప్పదు. బంధువుల్లో ఎవరికి ఈ సందేహం వచ్చినా పాలసీ కాగితాలు నా దగ్గరికే వస్తాయి కాబట్టి, నేను వాటిని ఏ వరుసలో చూస్తానో, ఎవరికి మారమని చెబుతానో, ఎవరికి వద్దంటానో ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రీమియం పెరిగిందన్న ఒక్క కారణంతో మారినవాళ్ళు చాలామంది రెండు మూడేళ్ళకు మళ్ళీ అక్కడికే వస్తారు, ఎందుకంటే కొత్త కంపెనీ కూడా పెంచుతుంది. మీరు నిజంగా వెళ్ళే ఆసుపత్రిలో పాలసీ సరిగ్గా పనిచెయ్యడం లేదంటే మాత్రం మారడమే మంచిది.

ముందు ఆసుపత్రి, తర్వాతే కంపెనీ

మన ప్రాంతంలో ఇల్లు ఒక రాష్ట్రంలో, పెద్దాసుపత్రి ఇంకో రాష్ట్రంలో. చిన్న జబ్బైతే ఊళ్ళోనే చూపించుకుంటాం. కాస్త పెద్దదైతే బరంపురం వాళ్ళకి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, ప్రైవేటు కావాలంటే భువనేశ్వరో, విశాఖో. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వాళ్ళు మాత్రం గుండె అన్నా, కిడ్నీ అన్నా, మోకాళ్ళన్నా దాదాపుగా విశాఖ బండే ఎక్కుతారు. అందుకే ఏ కంపెనీ పేరూ వినకముందే ఒక కాగితం మీద మీ ఇంట్లో వాళ్ళు నిజంగా చేరే ఆసుపత్రుల పేర్లు రాసుకోండి. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి ఒకటి, ఆపరేషన్‌కి ఒకటి, పిల్లలకి ఒకటి. ఆ మూడు పేర్లే మీ పోలికకు ఆధారం.

కంపెనీ యాప్‌లో "విశాఖలో ఇన్ని నెట్‌వర్క్ ఆసుపత్రులు" అని, అంటే ఆ కంపెనీతో ఒప్పందం ఉన్నవని, పొడవాటి జాబితా కనిపిస్తుంది. అందులో కంటి ఆసుపత్రులు, చిన్న నర్సింగ్ హోమ్‌లు కూడా కలిపి ఉంటాయి. సంఖ్య చూసి మురిసిపోకండి. మీరు రాసుకున్న ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌కి నేరుగా ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: ఫలానా కంపెనీతో ఇవాళ్టికి క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) నడుస్తోందా, అప్రూవల్ రావడానికి మామూలుగా ఎంతసేపు పడుతోంది? రేట్ల దగ్గర పేచీలొచ్చి ఆసుపత్రులకీ కంపెనీలకీ ఒప్పందాలు మధ్యలో ఆగిపోతుంటాయి, ఆ సంగతి ముందుగా తెలిసేది ఆ డెస్క్‌లో కూర్చునే వాళ్ళకే. ఏ కంపెనీ క్లెయిమ్‌లకు ఎక్కువ కొర్రీలు వేస్తుందో కూడా వాళ్ళే చెబుతారు, కాస్త మర్యాదగా అడిగితే.

నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో కూడా క్యాష్‌లెస్ ఇచ్చే ఏర్పాటు 2024 జనవరి నుంచి ఉంది. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే చేరడానికి 48 గంటల ముందు, ఎమర్జెన్సీ అయితే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి చెప్పాలి. కానీ ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి కదా. దాన్ని నమ్ముకుని పాలసీ ఎంచుకోమని నేను చెప్పను.

ఇంకో సంగతి, ఇది మన వాళ్ళకే ఎక్కువగా తగులుతుంది. కొన్ని కంపెనీలు దేశాన్ని జోన్లుగా విడదీసి ప్రీమియం వేస్తాయి. రాయగడ, కోరాపుట్ లాంటి చిరునామా ఉంటే తక్కువ జోన్, తక్కువ ప్రీమియం. బాగానే ఉంది అనుకుంటాం. కానీ తక్కువ జోన్ ప్రీమియం కట్టి పై జోన్ నగరంలో చేరితే బిల్లులో ఇంత శాతం మీరే కట్టుకోవాలి అన్న కో-పే షరతు అదే పాలసీలో ఉండొచ్చు. కొన్ని ప్లాన్లలో అది 20 శాతం. హైదరాబాదు చాలా కంపెనీలకు పై జోనే, విశాఖ మాత్రం ఒక్కో కంపెనీకి ఒక్కో జోన్‌లో ఉంటుంది. కాబట్టి ఏజెంటును అడగాల్సిన మొదటి ప్రశ్న "ప్రీమియం ఎంత?" అని కాకుండా, "ఒడిశా చిరునామాతో విశాఖలోనో హైదరాబాదులోనో చేరితే కో-పే ఉందా? పాలసీలో ఆ లైను చూపించండి" అని ఉండాలి. నోటి మాట వద్దు. ఇది తప్పించుకోవడానికి విశాఖలో ఉన్న మేనమామ చిరునామా పెట్టేవాళ్ళు ఉన్నారు. ఆధార్‌లో ఒకటి, పాలసీలో ఒకటి ఉంటే క్లెయిమ్ రోజున ఆ టెన్షన్ వేరే. సొంత చిరునామాతోనే తీసుకుని, కావాలంటే పై జోన్ ప్రీమియం కట్టే వీలుందేమో అడగండి.

అంబులెన్సు కూడా చూడండి. ఆరోగ్య సంజీవని లాంటి ప్రామాణిక పాలసీలో ఒక్కో అడ్మిషన్‌కు ఇచ్చేది 2,000 రూపాయలే. జయపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాటే, అందులో ఘాట్ రోడ్డు. ఆక్సిజన్ ఉన్న బండికి ఆ రెండు వేలు ఏ మూలకూ రావు. ఒకే ధరలో రెండు ప్లాన్లు తేల్చుకోలేకపోతుంటే, అంబులెన్సు ఖర్చు ఎంతైతే అంతా ఇచ్చేదాని వైపు మొగ్గండి.

రూమ్ రెంట్ అనే చిన్న లైను

పాత పాలసీలు, ముఖ్యంగా పది పదిహేనేళ్ళ కింద తీసుకున్నవి, ఎక్కువ శాతం ఇక్కడే దెబ్బకొడతాయి. "రోజుకు బీమా మొత్తంలో 1 శాతం" అని ఉంటుంది. మూడు లక్షల పాలసీ అంటే రోజుకు 3,000. విశాఖలో కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్ళి 6,000 గదిలో ఐదు రోజులు ఉన్నారనుకోండి. గది తేడా 15,000 మనం కట్టుకుంటాం, మిగతాదంతా కంపెనీ ఇస్తుంది అని అందరూ అనుకుంటారు. లెక్క అలా నడవదు. అర్హతకు మించి రెట్టింపు గది తీసుకున్నారు కాబట్టి సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ లాంటి వాటిలో కూడా సగమే ఇస్తారు. గది బిల్లు 30,000, డాక్టర్ల ఫీజులూ థియేటరూ కలిపి 80,000, మందులూ పరీక్షలూ 50,000, మొత్తం 1,60,000 అయితే కంపెనీ నుంచి వచ్చేది 15,000, 40,000, 50,000, అంటే 1,05,000. మిగతా 55,000 మీ జేబులోంచే. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ ఛార్జీల మీద ఈ కోత వెయ్యకూడదని నిబంధన ఉంది. బిల్లులో వాటి మీద కూడా కోసి ఉంటే నిలదీయండి.

మీ పాలసీలో ఇలాంటి పరిమితి ఉండి, మీరు వెళ్ళేది విశాఖ, భువనేశ్వర్ల ప్రైవేటు ఆసుపత్రులకే అయితే, అప్పుడు మారడం గురించి సీరియస్‌గా ఆలోచించాలి. "సింగిల్ ప్రైవేట్ ఏసీ గది" అనో, అసలు పరిమితి లేదనో రాసి ఉన్న ప్లాన్‌కు ఏడాదికి రెండు మూడు వేలు ఎక్కువ కట్టినా నష్టం లేదు.

మారితే పోయేదేంటి, పోనిదేంటి

మారితే ఇన్నేళ్ళ వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని మొదటి కాలం, అంటే నిరీక్షణ) మళ్ళీ మొదటికొస్తుందని పెద్దవాళ్ళ భయం. పద్ధతిగా పోర్టింగ్ చేసుకుంటే, అంటే పాత పాలసీ కాలాన్ని వెంట తీసుకుని కొత్త కంపెనీకి మారితే, రాదు. మొదటి 30 రోజుల నిరీక్షణ మళ్ళీ ఉండదు. హెర్నియా, శుక్లాలు, పిత్తాశయంలో రాళ్ళు, మోకీలు మార్పిడి లాంటి వాటికి మామూలుగా ఉండే రెండేళ్ళ నిరీక్షణలోనూ, ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ లాంటి జబ్బులకు ఉండే నిరీక్షణలోనూ మీరు ఇప్పటికే గడిపిన కాలం జమ అవుతుంది. 2024 ఏప్రిల్ నుంచి పాత జబ్బులకు ఏ కంపెనీ అయినా పెట్టగలిగే గరిష్ఠ నిరీక్షణ 36 నెలలే, అంతకుముందు 48 ఉండేది. పాత కంపెనీలో రెండేళ్ళు పూర్తయి, కొత్త ప్లాన్‌లో మూడేళ్ళు అని ఉంటే, ఇంకొక్క ఏడాది ఆగితే చాలు.

ఇక్కడొక మెలిక ఉంది. ఈ జమ పాత బీమా మొత్తం వరకే. మూడు లక్షల నుంచి పది లక్షలకు పెంచుకుంటూ మారితే, ఆ మూడు లక్షలకు (పోగైన బోనస్ ఉంటే దానికీ) పాత కాలం లెక్కలోకి వస్తుంది, పెంచుకున్న భాగానికి నిరీక్షణ కొత్తగా మొదలవుతుంది. "పది లక్షలూ రేపట్నుంచే" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

దానికంటే ముఖ్యం మారటోరియం. 60 నెలలు ఆపకుండా పాలసీ నడిపితే, ఆ తర్వాత మోసం రుజువైతే తప్ప, "జబ్బు దాచారు" అని క్లెయిమ్ తిరగ్గొట్టడానికి వీల్లేదు. పోర్ట్ చేసుకున్న పాలసీలో పాత ఏళ్ళు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. ఇంత విలువైన కాలాన్ని కొందరు ఏజెంట్లు పోర్టింగ్ కాగితాల బాధ ఎందుకులే అని కొత్త పాలసీగా రాసేసి పోగొడుతున్నారు. ప్రపోజల్ ఫారంతో పాటు పోర్టబిలిటీ ఫారం కూడా ఉందో లేదో, కొత్త పాలసీ చేతికొచ్చాక అందులో మొట్టమొదటి పాలసీ మొదలైన తేదీ పాతదే పడిందో లేదో చూసుకోండి. పడకపోతే 30 రోజుల ఫ్రీ లుక్ (నచ్చకపోతే పాలసీ వెనక్కిచ్చే) గడువులోపే సరిచేయించుకోవాలి.

పోర్టింగ్ మన హక్కే గానీ, తీసుకోవడం కొత్త కంపెనీ ఇష్టం. మీ వయసు, జబ్బులు, చేసిన క్లెయిమ్‌లు చూసి వద్దనొచ్చు. స్టెంట్ పడినవాళ్ళకీ, డయాలసిస్ నడుస్తున్నవాళ్ళకీ వద్దనే అవకాశమే ఎక్కువ. ఇంట్లో అలాంటి వాళ్ళుంటే నా సలహా ఒక్కటే: ఉన్న పాలసీని ప్రాణంలా కాపాడుకోండి. 60 దాటినవాళ్ళ ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐతో మాట్లాడాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది కాబట్టి, ఉన్నచోటే ఉండటం ఇదివరకంత భారం కాదు.

ప్రీమియం పోల్చేటప్పుడు జీఎస్టీ ఎర

వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా తీసేశారు. ఇది మంచిదే. కానీ పాత రసీదును కొత్త కొటేషన్ పక్కన పెట్టి పోల్చేటప్పుడు ఇక్కడే పప్పులో కాలేస్తారు. అప్పట్లో మీరు 21,240 కట్టారనుకోండి, అందులో అసలు ప్రీమియం 18,000, మిగతాది పన్ను. ఇప్పుడు ఏజెంటు 19,500 కొటేషన్ చూపించి "రెండు వేలకు దగ్గరగా మిగులుతోంది" అంటే, నిజానికి అది 1,500 ఎక్కువ. పన్ను లేని ప్రీమియం పక్కన పన్ను లేని ప్రీమియమే పెట్టండి. మొదటి ఏడాది డిస్కౌంట్లు తీసేసి, పాలసీలో పెద్ద వయసు ఎవరిదో వాళ్ళకి ఐదేళ్ళ తర్వాత ఎంత పడుతుందో ఆ కంపెనీ రేట్ల పట్టికలోనే చూడండి. ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే ఒకే పాలసీ, దాని ప్రీమియం నడిచేది ఇంట్లో పెద్దవాళ్ళ వయసు మీదే. అందుకే అమ్మానాన్నల్ని పిల్లల ఫ్లోటర్‌లో కలిపేసి ఉంటే, కంపెనీ మార్చే ముందు వాళ్ళని విడిగా ఒక పాలసీలోకి తీసి లెక్క చూడండి. చాలా ఇళ్ళల్లో సమస్య అక్కడే తీరిపోతుంది.

క్లెయిమ్ సెటిల్‌మెంట్ శాతం అని ప్రకటనల్లో 95, 98 అంటూ చూపిస్తారు. అది ఎన్ని క్లెయిమ్‌లకు ఎంతోకొంత ఇచ్చారో చెబుతుంది. లక్షన్నర బిల్లుకు అరవై వేలు ఇచ్చినా అది సెటిల్ అయినట్టే. వసూలు చేసిన ప్రీమియంలో ఎంత క్లెయిమ్‌ల కింద పోయిందన్న లెక్క ఐఆర్‌డీఏఐ వార్షిక నివేదికలో దొరుకుతుంది. 2023-24లో ప్రభుత్వ రంగ కంపెనీలకు అది వంద శాతం దాటింది, ఒక్క ఆరోగ్య బీమా మాత్రమే అమ్మే కంపెనీలకు 65 శాతం దగ్గర ఉంది. అలాగని ప్రభుత్వ రంగమే గొప్పదని కాదు. ఆ లెక్కలో సంస్థలు తమ ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూప్ పాలసీలు ఎక్కువ, పైగా టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే మధ్యవర్తి సంస్థ) చుట్టూ తిరిగే ఓపిక ఉండాలి. కొత్త కంపెనీల యాప్‌లు చకచకా నడుస్తాయి, ప్రశ్నలు కూడా అంతే చకచకా వస్తాయి. విశాఖలో ఉండి వాట్సాప్‌లో కాగితాలు పంపగలిగే కొడుకో కూతురో ఉన్న ఇంటికి ప్రైవేటు కంపెనీ బాగుంటుంది. ఇంట్లో ఇద్దరూ పెద్దవాళ్ళే అయితే బరంపురంలోనో రాయగడలోనో ఆఫీసు ఉండి, మనిషి కనిపించే కంపెనీ మేలంటాను.

మారకుండానే తీరే సమస్యలు

కవర్ సరిపోవడం లేదన్నది మీ బాధ అయితే, ఉన్న ఐదు లక్షల పాలసీని అలాగే ఉంచి, దాని మీద సూపర్ టాప్-అప్ తీసుకోండి. ఏడాదిలో మొత్తం ఖర్చు ఐదు లక్షలు దాటాక అది మొదలవుతుంది, అందుకే ప్రీమియం తక్కువ. అదే కంపెనీలో తీసుకోవాలని లేదు. పాలసీ పాతబడిపోయిందన్నది బాధ అయితే, అదే కంపెనీలో మెరుగైన ప్లాన్‌కు మైగ్రేషన్ అడగండి, అందులోనూ పాత కాలం జమ అవుతుంది. జేకే పేపర్, నాల్కో, హెచ్ఏఎల్ లాంటి చోట్ల పనిచేసి రిటైరవబోతున్నవాళ్ళు గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే సంగతి ఉద్యోగంలో ఉండగానే కనుక్కోవాలి. రిటైరయ్యాక అడిగితే గడువు దాటిపోయిందంటారు.

ప్రభుత్వ కార్డునూ లెక్కలో పెట్టుకోండి. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు. 70 దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు, సొంత పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆసుపత్రి అయితే రాష్ట్రం దాటినా చెల్లుతుంది. ఆంధ్రాలో ఉన్న ఎన్టీఆర్ వైద్య సేవ మాత్రం అక్కడి కార్డు ఉన్నవాళ్ళకే. పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్కనే కదా అంటే కుదరదు.

మారాలనే తేల్చుకుంటే

పోర్టింగ్ రెన్యువల్ సమయంలోనే అవుతుంది. గడువుకు కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి, నేనైతే రెండు నెలల ముందే మొదలుపెట్టమంటాను. పాత కంపెనీ మీ వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి, కొత్త కంపెనీ ఐదు రోజుల్లో తేల్చాలి అని నిబంధన. కొత్త కంపెనీ సరేనని రాతపూర్వకంగా చెప్పేదాకా పాతది వదలొద్దు. వాళ్ళు నాన్చుతూ గడువు దగ్గరపడితే పాతదే రెన్యువల్ చేసేసి వచ్చే ఏడాది చూసుకోవచ్చు. ఏడాది ప్రీమియానికి గడువు దాటాక 30 రోజుల గ్రేస్ (ఆలస్యంగా కట్టే వీలు) ఉంటుంది గానీ, ఆ మధ్యలో ఆసుపత్రిలో చేరితే పాలసీ లేనట్టే.

పేర్లు ముందే సరిచూసుకోండి. మన ఇంటిపేర్లు ఒడిశా ఆధార్‌లో ఒకలా, పాన్‌లో పొడి అక్షరాలతో ఇంకోలా, పాత పాలసీలో మరోలా ఉంటాయి. పోర్టింగ్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ప్రపోజల్ ఫారంలో జబ్బులన్నీ రాయండి, మాత్ర వేసుకుంటున్న ప్రతిదీ. "థైరాయిడ్ కూడా జబ్బేనా" అని మా పిన్ని అడిగింది. రాయి పిన్నీ, ప్రీమియం కాస్త పెరిగినా పర్లేదు, రేపు తిరగ్గొట్టరు అన్నాను. అలాగే ఆసుపత్రిలో చేరేటప్పుడు డ్యూటీ డాక్టరు "షుగర్ ఎన్నాళ్ళుగా?" అంటే "ఎప్పట్నుంచో ఉందండీ" అని అనెయ్యకండి. ఆయన కేస్ షీట్‌లో "పదేళ్ళుగా" అని రాసేస్తాడు, అదే డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది. మీరు ఫారంలో నాలుగేళ్ళని రాసుంటే కొర్రీ మొదలైనట్టే. పేషెంటు పక్కన ఉన్నవాళ్ళకి ఏ జబ్బు ఏ ఏడాది బయటపడిందో తెలిసి ఉండాలి, ఒక చీటీ మీద రాసి ఇన్సూరెన్స్ కార్డుతో పాటే పెట్టండి.

ఏ కంపెనీలో ఉన్నా క్లెయిమ్ అన్యాయంగా కోసేస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బీమా వివాదాలు తీర్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు, ఫీజు లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. ఒడిశా నివాసులకు భువనేశ్వర్ ఆఫీసు. పాలసీ విశాఖ బ్రాంచిలో తీసుకున్నదైతే, ఆ బ్రాంచిని బట్టి ఆంధ్రా ఫిర్యాదులు చూసే హైదరాబాదు ఆఫీసుకూ పెట్టుకోవచ్చు. అంతకంటే ముందు ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన బీమా భరోసా పోర్టల్‌లోనో, 155255 నంబరుకో చెబితేనే చాలా కోతలు వెనక్కి వస్తుంటాయి.